గోడకా, ఒంటికా: మా చిన్నబాపు కొలతలు

పోయిన నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం, దుకాణంలో మిషను ఆపి అన్నం డబ్బా మూత తీస్తుండగా మా చెల్లె ఫోను చేసింది. మా చిన్నబాపుకు ఒక్కతే బిడ్డ. "అక్కా, బాపు పోయిండు" అంది. తీసిన మూత మళ్లీ పెట్టేశాను. మళ్లీ తనే, "పెట్టె చేసేటాయన కొలతలు అడుగుతుండు. నాతోని అయితలేదు. నువ్వు టేపు తీస్కొని రా" అంది.

టేపు ఎలాగూ మెడలోనే ఉంది. పద్దెనిమిదేళ్లుగా కరీంనగర్‌లో బట్టలు కుడుతున్నాను. పొద్దున మెడలో వేసుకుంటే దుకాణం మూసేదాకా తీయను. చిన్నబాపుకు కొలతలు తీయడం నాకు కొత్త కాదు. ఆయన కొలతలు నా పుస్తకంలో రెండేళ్లలో తొమ్మిది చోట్ల ఉన్నాయి, ఒకచోట ఉన్న అంకె ఇంకోచోట లేదు. ఈసారి మాత్రం రెండే కావాలన్నారు, పొడవు, భుజాల వెడల్పు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని తీశాను. పెట్టె చేసే ముసలాయన చీటీ మీద రాసుకుని, "జర వదులు పెడ్తం బిడ్డా, పట్టినట్టు ఉండొద్దు" అన్నాడు. పెరిగే పిల్లల బట్టలకు మేమూ అదే మాట అంటాం.

చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు. మాది చెన్నూరు దగ్గర పల్లె, తాతల నాటి నుంచి మెథడిస్టు సంఘం వాళ్లం. ఉన్న పత్తి చేను ఇద్దరికి చాలదని బాపు చేను పట్టుకున్నాడు, చిన్నబాపు పాస్‌పోర్టు పట్టుకున్నాడు. మా వైపు నుంచి దుబాయి పోయినవాళ్లు చాలామంది ఎండలో పనిచేసి వచ్చారు. మా చిన్నబాపు ఇరవై రెండేళ్లు మంచులో పనిచేసి వచ్చాడు. ఎడారిలో ఒక పెద్ద భవనం కట్టి, లోపల నేలంతా గడ్డ కట్టించి, బూట్ల కింద కత్తులు బిగించుకుని దాని మీద హాకీ ఆడతారట. ఆ ఆటగాళ్ల జెర్సీలు ఉతికి, ఆరేసి, చిరిగితే కుట్టి, ఎవరిది వాళ్ల కొక్కేనికి తగిలించడం ఆయన పని. మొదటిసారి సెలవుకు వచ్చి ఈ సంగతి చెబితే మా బాపమ్మ, "ఎండ నెత్తికెక్కింది పిలగానికి" అని మాడు మీద ఆముదం పెట్టిందట.

ఆ జెర్సీలు మామూలు అంగీల లాంటివి కావు. ఆటగాళ్లు భుజాలకు, ఛాతీకి, మోచేతులకు దెబ్బ తగలకుండా మందపాటి కవచాలు కట్టుకుంటారు. వాటి మీద వేసుకునేది ఈ జెర్సీ. వీపు లోపలి వైపు కింద ఒక పట్టీ ఉంటుంది, దాన్ని లాగుకు బిగిస్తారు. ఆటలో తన్నుకున్నప్పుడు అవతలివాడు జెర్సీని తలమీదికి గుంజి కళ్లు మూసేయకుండా ఆ ఏర్పాటు. చిన్నబాపు దాన్ని కొట్లాట పట్టీ అనేవాడు. సంఘం మీటింగులో పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు లేస్తే, "గీళ్లకు గూడ ఓ పట్టీ కుట్టియ్యి బిడ్డా" అని నా చెవిలో అనేవాడు.

అభిమానులు దుకాణాల్లో కొనుక్కునే జెర్సీలకు చిన్నది, నడిమిది, పెద్దది అని ఉంటుంది. ఆటగాళ్లు నిజంగా వేసుకునే వాటి మీద అంకెలు ఉంటాయి, యాభై, యాభై రెండు, యాభై నాలుగు, ఇట్లా. చిక్కంతా అక్కడే. ఒక కంపెనీ యాభై నాలుగు ఇంకో కంపెనీ యాభై నాలుగు కాదు. పాత కంపెనీది గోనెసంచిలా దొడ్డగా ఉంటే, తర్వాత వచ్చిన కంపెనీ నడుము దగ్గర సన్నం చేసింది, దాని తర్వాత వచ్చింది చేతులు పొట్టి చేసింది. గోల్ కాసేవాడిదైతే అదే అంకె వేసి ఉన్నా అడ్డం నాలుగు వేళ్లు ఎక్కువ ఉంటుంది. ఇట్లాంటి జెర్సీలను ఏరి కోరి జమ చేసేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారని, వాళ్లు ఈ అంకెల దగ్గరే పరేషాన్ అవుతుంటారని నాకు చిన్నబాపు వల్లే తెలిసింది.

ఉతికి పొట్టి చేశావని ఒక ఆటగాడు ఒకసారి నింద వేశాడట. ఆ రోజు నుంచి ప్రతి జెర్సీని ఉతికే ముందు ఒకసారి, ఆరాక ఒకసారి కొలిచి నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు. ఎవరూ రాయమనలేదు. ఇంగ్లిషు పేర్లు రాయరాదు కనుక ఒక్కో కంపెనీకి ఒక్కో గుర్తు పెట్టుకున్నాడు, ఒకదానికి సున్న, ఒకదానికి చుక్క, ఒకదానికి సిలువ. ఇరవై రెండేళ్లలో అవి నాలుగు నోటుబుక్కులయ్యాయి. పని మానేసి వచ్చేటప్పుడు అందరూ బంగారమో టీవీయో తెస్తారు. మా చిన్నబాపు నాలుగు నోటుబుక్కులు, ఇనుప ట్రంకులో పదమూడు జెర్సీలు తెచ్చాడు. అన్నీ ఆటగాళ్లు వాడి వదిలేసి ఇచ్చినవే. కర్ర దెబ్బలకు చిరిగినచోట వేసిన మాట్లు ఆయన చేతివే. చిన్నమ్మ ఆ ట్రంకు తెరిచి, ఒక్కొక్కటీ తీసి చూసి, "ఇంతేనా" అని ఒకే మాట అందట. ఆ మాట ఆమె చివరిదాకా మార్చుకోలేదు.

అక్కడ ఆయనతో పనిచేసిన కోచ్ ఒకాయన, జెర్సీలు జమ చేసేవాళ్ల గ్రూపులో చిన్నబాపు నంబరు పెట్టాడు. కొలతల్లో అనుమానం ఉంటే ఈయనను అడగండి అని రాశాడు. అంతే, పేరు నోరు తిరగని ఊళ్ల నుంచి మెసేజులు రావడం మొదలైంది. ఆదివారం ఆరాధన అయిపోగానే చిన్నబాపు ఫోను, ఒకటి రెండు జెర్సీలు పట్టుకుని బస్సెక్కి నా దుకాణానికి వచ్చేవాడు. నా కటింగ్ బల్ల వెడల్పు ఎక్కువ, జెర్సీ పరచడానికి అనువుగా ఉండేది. నేను మెసేజులు చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆయన చెప్పింది ఇంగ్లిషులో కొట్టేదాన్ని. ఎవరు ఏం అడిగినా ముందు ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "గోడకా, ఒంటికా?" అంటే గోడకు తగిలించి చూసుకోవడానికా, ఒంటి మీద వేసుకోవడానికా అని. గోడకైతే ఆటగాడు ఏ అంకె వేసుకున్నాడో అదే కొనాలి. ఒంటికైతే మనిషిని బట్టి రెండు అంకెలు దిగాలి, ఎందుకంటే కవచాలు కట్టుకోరు కదా. ఈ ఒక్క ప్రశ్న నేను ఎత్తుకొచ్చి నా గిరాకీల మీద వాడాను. పట్టు జాకెట్లు కుట్టించుకునే వాళ్లలో సగం మంది గోడకే కుట్టించుకుంటారు, ఒక్క పూట చూపు కోసం. ఆ సంగతి అడిగితేగాని వాళ్లకే తెలియదు.

ఒకసారి చలి దేశం నుంచి ఒకాయన రాశాడు. పాత కంపెనీ యాభై నాలుగు తనకు సరిపోయేదట, కొత్త కంపెనీ యాభై నాలుగు కొంటే భుజాల దగ్గర ఆగిపోయిందట. తాను లావైపోయానని, వయసు మీద పడిందని, ఇక ఈ సరదాలు మానుకోవాలేమోనని పొడుగ్గా రాసుకున్నాడు. నేను చదివి వినిపిస్తుంటే చిన్నబాపు చెయ్యి అడ్డం పెట్టాడు. "కొలతలు తర్వాత. ముందుగాల ఆయన తప్పేం లేదని రాయి. గా ముక్క పైన రాయి" అన్నాడు. రాశాను. తర్వాత రెండు జెర్సీల కొలతలు పక్కపక్కన రాయించాడు, చంక నుంచి చంకకు అంగుళంన్నర తేడా ఉంది. భార్యాభర్తలిద్దరం నవ్వుకున్నామని ఆయన జవాబు పంపాడు. ఆ వారమంతా చిన్నబాపు మొహంలో వెలుగు ఉంది.

ఆయన కొలిచే తీరు చూడాలి. జెర్సీని బల్ల మీద బోర్లా పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు సాపు చేసేవాడు. టేపును గుడ్డ మీద ఆనించేవాడే గాని లాగేవాడు కాదు. మూడుసార్లు కొలిచేవాడు. "లేబుల్ కంపెనీది, టేపు మనది" అనేవాడు. "గుంజి కొలిస్తే గుడ్డ గూడ అబద్ధం చెప్తది" అనేవాడు. నాకు మనుషులను కొలవడం వచ్చు, ఆయనకు గుడ్డను కొలవడం వచ్చు, మా ఇద్దరి మధ్య ఎవరి పని గొప్ప అని ఎప్పుడూ వాదన ఉండేది. నేను ఆడవాళ్లకు కొలతలు తీస్తుంటే ఒక మూలన కూర్చుని చూసేవాడు కాదు, గోడ వైపు తిరిగి వినేవాడు. ఒకనాడు గిరాకీ పోయాక, "కొల్తున్నవని తెలిస్తే మనిషి ఊపిరి బిగవడ్తది. నువ్వు పిల్లల సంగతి అడుగు, ఊరి సంగతి అడుగు. ఊపిరి ఇడిశినంక చూడు" అన్నాడు. అప్పటి నుంచి నా జాకెట్లు వాపసు రావడం తగ్గింది.

రెండేళ్ల కింద ఆయన కాళ్లు వాచాయి. బస్సులో కూర్చుని వచ్చినందుకేమో అన్నారు, ఉప్పు తక్కువ తినమన్నారు. చివరికి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని తేలింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, సోమ, బుధ, శుక్రవారాలు. చెన్నూరు నుంచి తిరగడం కుదరక కరీంనగర్‌లో మా ఇంటి వెనక వీధిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. ఆసుపత్రిలో డయాలసిస్ మిషను ఎక్కించే ముందు తూకం వేస్తారు, దించాక మళ్లీ వేస్తారు. ఆ రెండు అంకెలు చిన్నబాపు జెర్సీల నోటుబుక్కులోనే రాసుకునేవాడు. ఉతికే ముందు, ఉతికినంక అని పైన గీతలు కొట్టి. చేతికి కట్టిన కాగితం చూపించి, "నాకు గూడ లేబుల్ ఏసిండ్లు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చిన్నమ్మ కిడ్నీ ఇస్తానంది. ఆమెకు షుగరు, పనికిరాదన్నారు. బిడ్డ ఇస్తానంటే ఆయన ఆ మాట ఎత్తనివ్వలేదు. నేనూ ఇస్తానన్నాను. ఇక్కడ నిజం రాయాలి. నోటితో అన్నాను గాని లోపల నాకు భయం వేసింది. ఇద్దరు పిల్లలు, మిషను తొక్కితేగాని గడవని ఇల్లు, ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగాయి. ఆయన నా మొహం చూశాడు. "నీది నీ దగ్గరనే ఉండనీ బిడ్డా, నువ్వు మిషిను తొక్కెదానివి" అన్నాడు. నేను ఇంకోసారి అడుగుతానేమో అని ఆగలేదు, వెంటనే వేరే మాట తీశాడు. నేనూ ఇంకోసారి అడగలేదు. ఆ రెండో మాట అడగకపోవడం ఇప్పుడు నన్ను తింటోంది. అడిగితే ఏం జరిగేదో నాకు తెలియదు, అడగాల్సింది.

మనిషి కరిగిపోతుంటే నా చేతిలో ఉన్న పని ఒక్కటే, కుట్టడం. పాత అంగీలు వేలాడుతున్నాయని కొత్తవి కుట్టాను, ఒక్క ఏడాదిలో నాలుగు. ఒకటి కుట్టి ఇచ్చే లోపల మెడ దగ్గర వదులయ్యేది. దాన్ని సరిచేసి ఇంకోటి కోస్తే, అది ఇచ్చేనాటికి భుజం జారేది. ఆయన దేనికీ వంక పెట్టలేదు. వేసుకుని, గుండీలు పెట్టుకుని, బాగున్నది అనేవాడు. నేనే ఇంటికి పోయి ఏడ్చేదాన్ని. ఇన్నేళ్ల పనిలో ఏ మనిషి ఒళ్లూ నా కత్తెర కంటే ముందు పోలేదు.

ఇట్లా ఉండగా చెల్లెకు సంబంధం కుదిరింది. పిలగాడు మస్కట్‌లో పని, నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. పెండ్లి గురువారం పెట్టుకున్నారు, బుధవారం డయాలసిస్ చేయించుకుంటే మరునాడు చిన్నబాపుకు కొంచెం తేటగా ఉంటుందని. మా సంఘంలో పెండ్లి పిల్లను తండ్రి చెయ్యి పట్టుకుని మా చర్చి గుడి తలుపు దగ్గర నుంచి పీఠం దాకా నడిపించి, అక్కడ పిలగాడికి అప్పగిస్తాడు. చిన్నబాపుకు ఆ నడక తప్ప ఇంకో ఆశ లేదు. కుర్చీబండిలో కూర్చోబెట్టి తోస్తామని పాస్టరుగారు అంటే వద్దన్నాడు. రోజూ పొద్దున వరండాలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. నన్ను పిలిచి కోటు కుట్టమన్నాడు. జీవితంలో కోటు వేసుకున్న మనిషి కాదు.

"ఒంటికి సరిగ్గ ఉండాలె బిడ్డా" అన్నాడు. "వదులు కోటు ఏస్కొని పోతే అందరు నన్నే చూస్తరు, పాపం ఎట్లయిండని. గా దినం జనం నా పిల్లను చూడాలె, నా రోగాన్ని గాదు."

రెండు కొలతలు తీయించాడు. సోమవారం పొద్దున ఒంట్లో నీరు పట్టి ఉన్నప్పుడు ఒకటి, సాయంత్రం మిషను దిగాక ఒకటి. నడుము దగ్గర రెండంగుళాలు తేడా వచ్చింది, భుజాల దగ్గర ఏమీ రాలేదు. ఏ కొలతకు కోయాలో ఆయనే చెప్పాడు. "ఆటగాండ్ల జెర్సీ ఎట్ల కోస్తరు? లోపట ఏముంటదో చూశి కోస్తరు. పెండ్లి దినం నా లోపట సగం నీరుంటది. రెండిటికి నడిమి కొలత పట్టు" అన్నాడు. అంత తేటగా చెప్పాడు. నేను చేయాల్సిందల్లా ఆ అంకె మీద సుద్ద గీత గీయడం.

నేను గీయలేదు. నల్లటి గుడ్డ బల్ల మీద పరిచి, పుస్తకం తెరిచి, ఆ అంకెలు చూశాను. పదమూడేళ్ల పిల్లాడికి కుట్టే అంకెలవి. పుస్తకంలో వెనక్కి తిప్పుతూ పోతే, ఆయన దుబాయి నుంచి వచ్చిన కొత్తలో నేను కుట్టిన సఫారీ కొలతలు కనిపించాయి. పెండ్లి ఇంకా నెల ఉంది కదా, ఈలోగా ఆకలి పుడుతుంది, నాలుగు మెతుకులు ఎక్కువ తింటాడు, ఒళ్లు తేరుకుంటుంది అనుకున్నాను. డాక్టరు ఎన్నడూ ఆ మాట అనలేదు. నాకు నేనే అనుకున్నాను. ఆ పాత అంకెల మీదే గీతలు గీసి కత్తెర వేశాను. పద్దెనిమిదేళ్లలో తెలిసి తెలిసి తప్పు కొలతకు కోసింది అదొక్కటే.

పెండ్లికి మూడు వారాల ముందు ఆదివారం, కోటు వేసి చూడడానికి వచ్చాడు. చెల్లె ఆటోలో తీసుకొచ్చింది. కోటు తొడిగి అద్దం ముందు నిలబెట్టాను. భుజాలు కిందికి జారి, ఛాతీ దగ్గర ఇద్దరు పట్టేంత ఖాళీ ఉంది. చెల్లె మొహం తిప్పుకుని బయటికి పోయింది. చిన్నబాపు అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత కోటు విప్పి, తిప్పి, లోపలి కుట్లు చూశాడు. బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు. నా మెడలో టేపు తీసుకుని మూడుసార్లు కొలిచాడు.

"గిది నా దుబాయి కొలత గద" అన్నాడు. నేను తల ఊపాను. అప్పుడు అడిగాడు. "గోడకా, ఒంటికా బిడ్డా?"

కోపం లేదు, ఎగతాళి లేదు. దూరదేశపు మనిషిని అడిగినట్టే అడిగాడు. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. మీరు మునుపటిలాగా అవుతారనుకున్నాను అని ఏదో అన్నాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేశాడు, ఆ చెయ్యికి బరువే లేదు. "నాక్కూడ గట్లనే అనిపిస్తది ఒక్కోపారి" అన్నాడు. "ఫికర్ చెయ్యకు. కుట్లు ఇప్పు. గని బట్ట కొయ్యకు, లోపటికి మడువు. కోసిన బట్ట మల్ల అతుకదు."

పక్క కుట్లు, భుజాల కుట్లు విప్పాను. పెండ్లి బట్టలు మీద పడి, అప్పటికే మాట ఇచ్చిన జాకెట్లు అడ్డం వచ్చి, రేపు రేపు అని తొమ్మిది రోజులు గడిచాయి. కోటు విప్పిన ముక్కలుగా బల్ల కిందనే ఉంది. ఆ మంగళవారం మధ్యాహ్నం వరండాలో నడిచి వచ్చి మంచం మీద కూర్చున్నాడట, కూర్చున్నవాడు అట్లాగే వెనక్కి ఒరిగాడట. ఒరిగే ముందే, ముప్పై రెండు అడుగులు నడిచానని చిన్నమ్మకు చెప్పాడట. గుడి తలుపు నుంచి పీఠం దాకా ఆయనకు కావలసింది అంతకంటే తక్కువే.

ఆ కోటు సరిచేసి తెచ్చి తొడుగుతానని, అది ఆయనకే చెందాలని నేను పట్టుబట్టాను. చిన్నమ్మ వద్దంది. పెండ్లికని కుట్టించుకున్నది మట్టిలో పెట్టొద్దంది. నేను కుట్టిన నాలుగో అంగీనే తొడిగారు. అది కూడా వదులే. వీపు వెనక ఎక్కువైన గుడ్డను నేనే మడిచి పిన్నులు పెట్టాను, ముందు నుంచి చూసేవాళ్లకు సరిగ్గా ఉన్నట్టే కనిపించింది. ఊరి నుంచి వచ్చినవాళ్లు, పోయినోనికి కూడా అంగీ ఎంత బాగ కుట్టిందో చూడు అని అనుకున్నారు. నాకు ఆ మాట చెవిలో సీసం పోసినట్టయింది.

ఫోనుకు మెసేజులు ఇంకా వస్తున్నాయి. ఫోను నా దగ్గరే ఉంది. పాత కంపెనీ యాభై ఆరు పొడవెంత, గోల్ కాసేవాడి జెర్సీ చేతులు ఎంత అని అడుగుతున్నారు. నోటుబుక్కులు తెరిచి చూశాను. అంకెలన్నీ పొందికగా ఉన్నాయి, సున్న ఏ కంపెనీయో, చుక్క ఏ కంపెనీయో మాత్రం ఎక్కడా రాసిలేదు. అది ఆయన తలలోనే ఉంది. పదమూడు జెర్సీలు ముందేసుకుని కొలిచి గుర్తులతో పోల్చి చూశాను, మూడింటికి కుదిరింది, మిగతావాటికి కుదరలేదు. ఇన్ని ఆదివారాలు ఎదురుగా కూర్చుని ఒక్కసారి అడిగి రాసుకున్నానా అంటే లేదు. ఆయన లేడని ఒకరిద్దరికి రాశాను, మిగతావాళ్లకు ఇంకా రాయలేదు.

పెండ్లి ఆపుదామని బాపు అన్నాడు. పిలగాడి సెలవు అయిపోతోంది, మళ్లీ ఎప్పుడు ఇస్తారో తెలియదు, ఉద్యోగమే పోవచ్చు. పాస్టరుగారు, పెద్దమనుషులు కూర్చుని, బ్యాండు లేకుండా, ఎక్కువ మందిని పిలవకుండా అదే గురువారం చేద్దామన్నారు. పిల్లను నడిపించాల్సింది ఇక మా బాపే. ఆయన తెల్ల అంగీ, ధోవతి వేసుకుని వస్తానన్నాడు. చెల్లె ఒప్పుకోలేదు. ఏడుపు మొహంతో దుకాణానికి వచ్చి, "పెదబాపు మా బాపు కోటు ఏసుకోవాలె అక్కా" అంది.

విప్పిన ముక్కలు బల్ల మీద పెట్టి, బాపును నిలబెట్టి కొలతలు తీశాను. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఒడ్డు, ఒకటే పొడుగు. ఈ రెండేళ్లుగా ఒకరు కరిగిపోతుంటే నేను ఆ సంగతే మరిచిపోయాను. నేను తప్పు కోసిన కోటు మా బాపుకు సరిగ్గా సరిపోతుంది. గుడ్డ ఎక్కడా కత్తిరించలేదు కాబట్టి, విప్పిన కుట్ల మీదే మళ్లీ కుట్టు వేశాను. చేతులు మాత్రం అంగుళంన్నర పొడుగయ్యాయి, చిన్నబాపు చేతులు పొడుగు. మడిచి కుట్టడం పది నిమిషాల పని. గురువారం పొద్దున గుడి దగ్గర సూదిదారం తీస్తే చెల్లె నా చెయ్యి పట్టుకుని, "ఉండనీ" అంది.

నేను తలుపు దగ్గర, అందరికంటే వెనక నిలబడ్డాను. పాట మొదలైంది, జనం లేచి నిలబడ్డారు. బాపు, చెల్లె నన్ను దాటుకుని ముందుకు పోయారు. నా దగ్గర నుంచి చూస్తే వీపులు తప్ప మొహాలు కనిపించవు. ఆ నల్ల కోటులో ఆ భుజాలు, ఆ నడక, దుబాయి నుంచి దిగిన చిన్నబాపే బిడ్డను తీసుకుని పోతున్నట్టు ఉంది. ముందు వరసలో చిన్నమ్మ తిరిగి చూసింది. చూసి, అందరూ నిలబడి ఉండగా ఆమె ఒక్కతే కూర్చుండిపోయింది. బాపు చెయ్యి కోటు చేతిలో వేళ్ల దాకా మునిగిపోయి ఉంది. చెల్లె ఆ వేళ్లను పట్టుకోలేదు. మణికట్టు దాటి మిగిలిన ఆ అంగుళంన్నర గుడ్డను పిడికిట్లో పట్టుకుని పీఠం దాకా నడిచింది.